అపలాచియా కొండల్లో మా మనుమరాలి కెమెరా

(సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



"మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను ఇరవై తీసుకుంటాను. రిటైరైనా ఓవర్ టైం చేసే అలవాటు పోలేదు.

అమెరికా వెళ్ళి వచ్చినవారు ఇప్పుడు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. నయాగరా జలపాతం గురించీ, అక్కడి రోడ్ల గురించీ మీరు వినే ఉన్నారు. నేను ఆ జోలికి పోను. నేను చెప్పబోయేది అక్కడి ఒక బొగ్గు ప్రాంతం గురించి, అక్కడి మనుషులను ఫోటోలు తీయడానికి వెళ్ళిన మా మనుమరాలి గురించి. చివరలో, దాని మీద నేను కోప్పడిన సంగతి కూడా చెబుతాను. అది చెప్పుకోవడానికే అసలు ఇక్కడ నిలబడ్డాను.

మా అమ్మాయి, అల్లుడు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంటారు. వాళ్ళ పెద్దమ్మాయి అక్కడికి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఏథెన్స్ అనే ఊళ్ళో ఫోటోగ్రఫీ చదువుతున్నది. ఈ మాట విన్నప్పుడు మా ఇంట్లో కొంత నిశ్శబ్దం ఏర్పడింది. కంప్యూటర్లు చదివిన తండ్రికి, ఆఫీసులో నక్షలు గీసిన తాతకు ఫోటోలు తీయడం కూడా ఒక చదువేనా అనిపించింది. మన కాలంలో ఫోటో అంటే పెళ్ళికీ, గుర్తింపు కార్డుకూ, రిటైర్మెంటు రోజుకూ తీయించుకునేది.

2023 ఏప్రిల్ నుంచి ఆరు నెలలు నేను అక్కడ ఉన్నాను. మనుమరాలికి కాలేజీలో ఒక పని ఇచ్చారు. చుట్టుపక్కల ఊరు ఒకటి ఎంచుకొని, ఏడాది పొడుగునా అక్కడికి వెళ్ళి, ఆ మనుషుల బతుకును, అక్కడి కొండలను, వాగులను ఫోటోల్లో నమోదు చేయాలి. "తాతయ్యా, అవన్నీ పాత బొగ్గు ఊళ్ళు. మీరు వస్తే నాకు కొంచెం అర్థమవుతుంది" అన్నది. ముప్పై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో గనుల నక్షలు గీసినవాణ్ణి ఆ మాట అడిగితే ఇంట్లో కూర్చుంటానా? మర్నాడే కారెక్కాను.

ముందు ఆ ప్రాంతం గురించి రెండు మాటలు. అమెరికా తూర్పు వైపున అపలాచియన్ కొండల వరుస ఉన్నది. మన తూర్పు కనుమల లాగా చాలా పాతవి, కాలం అరగదీసిన కొండలు. న్యూయార్కు రాష్ట్రం దక్షిణ భాగం మొదలు మిసిసిపీ ఉత్తర భాగం దాకా 13 రాష్ట్రాల్లోని 420కి పైగా కౌంటీలను అపలాచియా ప్రాంతంగా లెక్క కట్టి, దాని అభివృద్ధి కోసం 1965లో ఒక ప్రత్యేక కమిషన్ వేశారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది, కాకపోతే చిన్నది. వెస్ట్ వర్జీనియా రాష్ట్రం మొత్తం అందులోదే. ఒహాయోలో 32 కౌంటీలు అందులోకి వస్తాయి. అమెరికా రైళ్ళను, ఉక్కు కొలుములను, కరెంటు కేంద్రాలను నడిపిన బొగ్గులో పెద్ద భాగం ఈ కొండల్లోనిదే. బొగ్గు బయటికి పోయింది, లాభమూ బయటికే పోయింది. గనులు మూతపడ్డ తర్వాత ఊళ్ళు మాత్రం మిగిలాయి.

మేము మొదట వెళ్ళింది మిల్‌ఫీల్డ్ అనే చిన్న ఊరికి. 1930 నవంబరు 5న అక్కడి గనిలో గ్యాస్ పేలి 82 మంది చనిపోయారు. ఒహాయో చరిత్రలో అంతకంటె పెద్ద గని ప్రమాదం లేదు. గనిలో కొత్తగా చేసిన భద్రతా ఏర్పాట్లు చూపించడానికి ఆ రోజే దిగిన కంపెనీ అధ్యక్షుడు కూడా చనిపోయినవారిలో ఉన్నాడు. నేను చెప్పులు విడిచి ఒక నిమిషం నిలబడ్డాను. మా నాన్న ఇల్లెందులో కోల్ ఫిల్లరుగా పనిచేశాడు. ప్రమాదం సైరన్ మోగినప్పుడు అమ్మ వీధి గుమ్మంలో నిలబడే తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. మిల్‌ఫీల్డ్‌లో ఆ రోజు ఎన్ని గుమ్మాల్లో ఎందరు తల్లులు నిలబడి ఉంటారో!

ఆ దగ్గరలోనే సండే క్రీక్ అనే వాగు ఉన్నది. కొన్ని చోట్ల దాని నీళ్ళు నారింజ రంగులో ఉంటాయి. మొదట చూసి ఎవరో రంగు కలిపారనుకున్నాను. వదిలేసిన గనుల్లో నీరు నిండి, బొగ్గు పొరల్లోని పైరైటుకు నీరూ గాలీ తగిలి ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లపు నీటిలో ఇనుము కరిగి బయటికి వచ్చి, గాలి తగలగానే తుప్పుగా మారి రాళ్ళ మీద పేరుకుంటుంది. చేపలు బతకవు. గని మూతపడి ఎన్నేళ్ళైనా ఈ ఊట ఆగదు. మనిషికి విశ్రాంతి దొరికినా గనికి దొరకలేదన్నమాట.

అయితే అక్కడి యూనివర్సిటీలో ఒక ఇంజనీరింగు ప్రొఫెసరు, ఒక చిత్రకళ ప్రొఫెసరు కలిసి ఆ తుప్పును నీటి నుంచి వేరు చేసి, శుద్ధి చేసి, చిత్రకారులు వాడే రంగుగా మార్చారు. ఇంజనీరు పేరు గై రీఫ్లర్, చిత్రకారుడి పేరు జాన్ సాబ్రా. రంగు అమ్మిన డబ్బు వాగును బాగుచేయడానికి ఉపయోగపడాలని వారి ఆలోచన. మనుమరాలు ఆ వాగును ఎన్ని సార్లు ఫోటో తీసిందో లెక్క లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వాన తర్వాత ఒకసారి. వాగు అభ్యంతరం చెప్పదు. చిక్కల్లా మనుషుల దగ్గరే వచ్చింది.

ఆ ఊళ్ళ వైపే ఒక పెద్దాయన ఉన్నాడు. పాతికేళ్ళకు పైగా గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఆయన పేరు చెప్పను, చెప్పవద్దని ఆయనే అడిగాడు. మొదటిసారి వెళ్ళినప్పుడు వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. రెండోసారి వసారాలో కుర్చీ వేశాడు. నేను బొగ్గు గనిలో పనిచేశానని చెప్పగానే ముఖం మారిపోయింది. "మీ దగ్గర బొగ్గు పొర ఎంత మందం? పైకప్పు ఎట్లా నిలబెడతారు?" అని ప్రశ్న మీద ప్రశ్న. నా ఇంగ్లీషు, ఆయన ఇంగ్లీషు రెండూ మా మనుమరాలికి అర్థమవుతాయి గానీ ఒకరిది ఒకరికి కావు. అయినా చేతులతో సగం, కాగితం మీద గీతలతో సగం నడిచింది. లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి బిళ్ళ తెచ్చి చూపించాడు. గనిలో దిగేటప్పుడు తీసుకునే నంబరు బిళ్ళ. మా నాన్న టోకెన్ ఇప్పటికీ మా బీరువాలో ఉన్నది. ఆ మాట చెబితే ఆయన నా చేయి పట్టుకొని కాసేపు వదల్లేదు.

ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంటుంది. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. దాన్ని వాళ్ళు 'బ్లాక్ లంగ్' అంటారు. ఇది పాత రోజుల జబ్బు అనుకుంటే పొరపాటు. కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాల్లో 25 ఏళ్ళు, అంతకు మించి గనుల్లో పనిచేసినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు 2018లో వెల్లడైంది. పలుచని బొగ్గు పొరల కోసం పక్కనున్న రాయిని కూడా యంత్రాలతో కోస్తున్నందున రాతి దుమ్ము ఎక్కువగా లోపలికి పోతున్నదని నిపుణులు చెప్పారు.

మూడోసారి మనుమరాలు అనుమతి అడిగి ఫోటోలు తీసింది. నాలుగోసారి వాటిని అచ్చు వేయించి తీసుకువెళ్ళింది. తీసినవి తీసినవారికి చూపించి తీరాలని వాళ్ళ ప్రొఫెసరు నియమం. అందులో ఒకటి చాలా బాగా వచ్చిందని దానికి గర్వంగా ఉండేది. ఆయన ముఖం, ముక్కు దగ్గర గొట్టం, వెనక పగిలిన కిటికీకి అతికించిన అట్టముక్క. పెద్దాయన చూసి ఏమీ అనలేదు. ఆయన భార్య కళ్ళజోడు పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఇందులో మా ఆయన జబ్బు కనబడుతోంది గానీ, మా ఆయన కనబడటం లేదమ్మా" అన్నది. తర్వాత మా మనుమరాలిని చేయి పట్టుకొని లోపలికి తీసుకువెళ్ళి వంటింటి అలమర చూపించింది. గాజు సీసాల్లో నిలవ పెట్టిన బీన్సు, టమాటాలు, పీచ్ పండ్లు వరుసలు వరుసలుగా ఉన్నాయి, మన ఆవకాయ జాడీల మాదిరిగా. గోడ మీద మనుమడు పట్టా పుచ్చుకున్న ఫోటో. "నాలుగుసార్లు వచ్చావు, ఇవి నీకు కనబడలేదా?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో మనుమరాలు ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఊరుకోలేక, "అంత కష్టపడి తీశావు, వాళ్ళకేం తెలుసు, బాధపడకు" అన్నాను. అది కారు పక్కకు ఆపి, "అట్లా అనకండి తాతయ్యా. ఇదే మాట మీద ఇక్కడ ఒక మనిషి ప్రాణం పోయింది" అని ఒక కథ చెప్పింది.

1964లో అధ్యక్షుడు జాన్సన్ పేదరికం మీద యుద్ధం ప్రకటించారు. ఆ ఏప్రిల్‌లో ఆయన కెంటకీలోని ఐనెజ్ అనే ఊరికి వెళ్ళి ఒక పేదవాడి వసారాలో కూర్చున్నారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. తర్వాత పత్రికలవాళ్ళు, టీవీవాళ్ళు ఆ కొండలకు బారులు తీరారు. అందరికీ కావలసింది ఒకటే: కూలిన వసారా, చెప్పుల్లేని పిల్లవాడు, మసి ముఖం. సహాయం వచ్చిన మాట నిజమే. కానీ అక్కడివాళ్ళు తమను ప్రపంచం ముందు నవ్వులపాలు చేశారని బాధపడ్డారు.

1967 సెప్టెంబరు 20న కెంటకీలోని లెచర్ కౌంటీలో, హ్యూ ఓకానర్ అనే కెనడా చలనచిత్రకారుడు, పని దిగి వచ్చిన ఒక గని కార్మికుణ్ణి ఆయన అద్దె ఇంటి వసారాలో చిత్రీకరిస్తున్నాడు. కార్మికుడు ఒప్పుకున్నాడు. కానీ ఇంటి యజమాని హోబర్ట్ ఐసన్ తుపాకీతో వచ్చి వెళ్ళిపొమ్మన్నాడు. వాళ్ళు సామాను సర్దుకొని వెళుతుండగానే కాల్చాడు. ఓకానర్ అక్కడికక్కడే చనిపోయాడు. మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. తర్వాత ఐసన్ నేరం ఒప్పుకున్నాడు. పదేళ్ళ శిక్ష పడింది, ఏడాదికే విడుదలయ్యాడు. చాలామంది స్థానికులు అతని వైపే నిలబడ్డారు. ఆ ప్రాంతపు ఆడపిల్లే అయిన ఎలిజబెత్ బారెట్ ఈ సంఘటన మీద 2000లో ఒక డాక్యుమెంటరీ చిత్రం తీసింది.

హత్యను ఎవరూ సమర్థించరు, నేనూ సమర్థించను. కానీ ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోకుండా కెమెరా పట్టుకొని ఆ ఊళ్ళకు వెళ్ళకూడదని ప్రొఫెసరు మొదటి రోజే చెప్పారట.

అయితే కెమెరా వల్ల మేలే జరగలేదా? జరిగింది. 1908 నుంచి లూయిస్ హైన్ అనే ఆయన వెస్ట్ వర్జీనియా గనుల్లో పనిచేసే పసిపిల్లల ఫోటోలు తీశాడు. రోజంతా చీకట్లో కూర్చొని గని తలుపులు తీసి మూసే పిల్లలు! ఆయన ఫోటోలు బాలకార్మిక వ్యతిరేక ఉద్యమానికి సాక్ష్యాలయ్యాయి.

పెన్షనర్లమైన మనం తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. 1946లో బొగ్గు కార్మికులు సమ్మె చేస్తే ప్రభుత్వం గనులను తన అధీనంలోకి తీసుకున్నది. ఆ మే నెలలో మంత్రి క్రుగ్‌కు, కార్మిక నాయకుడు జాన్ ఎల్. లూయిస్‌కు మధ్య ఒప్పందం కుదిరింది. తవ్విన ప్రతి టన్నుకు 5 సెంట్లు కార్మికుల సంక్షేమానికి, రిటైర్మెంటుకు నిధిగా జమ చేయాలి. వాళ్ళ పెన్షను పుట్టింది అక్కడే. అదే ఒప్పందం ప్రకారం కార్మికుల ఇళ్ళు, నీళ్ళు, వైద్యం ఎట్లా ఉన్నాయో సర్వే జరిపించారు. దానికి ఫోటోలు తీసినవాడు రసెల్ లీ. ఆయన మురికి కాలువలనూ తీశాడు, పిల్లలకు తల దువ్వే తల్లులనూ, చర్చిలో పాడేవారినీ తీశాడు. చాలా ఫోటోలకు ఆ మనిషి పేరు, పని, ఊరు రాసి పెట్టాడు. అందుకే 2024లో వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో ఆ ఫోటోల ప్రదర్శన పెట్టినప్పుడు, అందులో ఉన్నవారు 'ఒక పేద కార్మికుడు' కాలేదు. పేరున్న మనుషులుగానే గోడ మీద నిలిచారు.

ఇంకొకరు వెండీ ఇవాల్డ్. ఆమె 1975లో అదే లెచర్ కౌంటీ బడులకు వెళ్ళి, తాను ఫోటోలు తీయడం కాక, కెమెరాలు పిల్లల చేతుల్లో పెట్టింది. మీ ఇంటివాళ్ళను, మీ పశువులను, మీ కలలను తీయండి అన్నది. కడగడం కూడా వాళ్ళకే నేర్పింది. 1985లో ఆ ఫోటోలు పుస్తకంగా వచ్చాయి. ఆమె తర్వాత మన దేశానికి వచ్చి గుజరాత్ పల్లెలో పిల్లలకు కూడా ఇట్లాగే నేర్పింది. ఆ కౌంటీలోనే వైట్స్‌బర్గ్ ఊళ్ళో 1969లో ఆపల్‌షాప్ అనే సంస్థ మొదలైంది. స్థానిక యువకులకు సినిమా పని నేర్పడం దాని ఉద్దేశం. తమ కథ తామే చెప్పుకుంటూ అది యాభై ఏళ్ళు దాటింది. 2022 జులై చివర తూర్పు కెంటకీలో వచ్చిన వరదల్లో నలభై మందికి పైగా చనిపోయారు. ఆ సంస్థ దాచిపెట్టిన ఫిల్ములు, ఫోటోలు కూడా బురద నీటిలో మునిగాయి. మనుషులు పోయిన బాధ ముందు అది చిన్నదే. కానీ పోయిన మనుషుల గుర్తులు కూడా పోవడం మరో బాధ.

మా మనుమరాలు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. ఈసారి పెద్దావిడ అలమర ముందు నిలబడింది, పెద్దాయన ఇత్తడి బిళ్ళ అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. గొట్టం తీసేయమని అది అడగలేదు, దాచిపెట్టనూ లేదు. చూసినవాళ్ళ కళ్ళు ముందు బిళ్ళ మీద పడతాయి, తర్వాత ముఖం మీద, ఆ తర్వాతే గొట్టం మీద. నేను నేర్చుకున్నది అదీ, అనుకొని సంతోషంగా ఇంటికి తిరిగి వచ్చాను. నేర్చుకోలేదని తర్వాత తెలిసింది.

2024 డిసెంబరులో మనుమరాలు ఇల్లెందు వచ్చింది. మన దేశంలో బొగ్గు తవ్వకం ఎప్పుడో మొదలైన ఊళ్ళలో మనది ఒకటి. 1889లో ఇక్కడ తవ్వకం మొదలైంది. "తాతయ్యా, మన ఊరు కూడా తీస్తాను" అన్నది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని, జుట్టు దువ్వుకొని, వరండాలో కుర్చీ వేసుకొని కూర్చున్నాను. తీసింది. బాగుంది. మూడో రోజు తెల్లవారి నేను లుంగీ మీద, చిల్లులు పడ్డ బనీనుతో, గచ్చు మీద కూర్చొని వారానికి సరిపడా మాత్రలు డబ్బాలో సర్దుకుంటున్నాను. పొద్దుటివి ఇటు, రాత్రివి అటు. వెనక గోడ పెచ్చులూడిపోయి ఉన్నది. క్లిక్ మన్నది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "మన ఇంటి పరువు అమెరికా వాళ్ళకు చూపిస్తావా? ఇదేనా నువ్వు చదువుకున్నది?" అని గట్టిగా అరిచాను. వీధిలోకి వినబడింది. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "తప్పే తాతయ్యా. అడగకుండా తీశాను" అని కెమెరా నా చేతిలో పెట్టింది. "మీరే తీసేయండి" అన్నది. ఎట్లా తీసేయాలో నాకు తెలియదు. కెమెరా పట్టుకొని కూర్చున్నాను. మిత్రులారా, ఆ క్షణంలో తుపాకీ పట్టుకొన్న ఐసన్ నాకు గుర్తొచ్చాడు. ఆ మనిషి కోపం ఎటువంటిదో అప్పుడు తెలిసింది. అది ఇల్లు కూలినందుకు కాదు, కూలినట్టు పరాయివాళ్ళు చూస్తున్నందుకు.

అప్పుడు మా ఇంటావిడ వంటింట్లోనుంచి వచ్చి కెమెరా తెరలో ఆ బొమ్మ చూసింది. "ఇస్త్రీ చొక్కా ఫోటోలో ఉన్నాయన పంద్రాగస్టుకు జెండా ఎక్కించడానికి వచ్చిన అతిథిలా ఉన్నాడు. ఈయన మా ఆయన. యాభై ఏళ్ళుగా నేను చూస్తున్నది ఈయన్నే. ఉండనీ" అన్నది. ఒక పెద్దావిడ అక్కడ తన భర్త కనబడటం లేదన్నది. ఇక్కడ ఇంకొక ఆవిడ కనబడుతున్నాడన్నది. రెండిటికీ ఉన్న తేడా నాకు బోధపడింది. గోడ పెచ్చులు దాచితే అబద్ధం. గోడ పెచ్చులే చూపిస్తే అదీ అబద్ధం. అడిగి, కూర్చొని, మనిషిని తెలుసుకొని తీస్తే గోడ ఉన్నా ఫరవాలేదు. ఆ ఫోటో ఉంచమన్నాను. ఒక షరతు పెట్టాను. కింద నా పేరు, నా పని, మా ఊరు రాయాలి. రాసింది.

ఇక నా విన్నపం. మన సంఘం ఆఫీసు గోడ మీద 1970ల నాటి గ్రూపు ఫోటో ఒకటి ఉన్నది. ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. పోయిన నెల నేను, కోశాధికారి గారు కూర్చొని పేర్లు రాద్దామని చూశాం. పంతొమ్మిది దగ్గర ఆగిపోయాం. ఏభై ఏళ్ళకే మన తోటివాళ్ళు మనకే పేరు లేనివాళ్ళయ్యారు.

ఏటా నవంబరులో మనం బతికే ఉన్నామని ధ్రువపత్రం ఇవ్వడానికి వస్తాం కదా. ఈసారి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒక్కటి తీసుకురండి. వెనక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఏ బావి, ఏ ఏడు రాసి తీసుకురండి. మా మనుమరాలు నేర్పిన పద్ధతిలో వాటికి నకళ్ళు తీసి, అసలు మీకే తిరిగి ఇస్తాం. ఇంట్లో పిల్లలు సెల్‌ఫోను పట్టుకొని "తాతా, ఇటు చూడు" అంటే విసుక్కోకండి. పిల్లలకూ ఒక మాట: తీసే ముందు అడగండి, తీసిన తర్వాత చూపించండి.

ఆ పెద్దాయన పోయిన సంక్రాంతి తర్వాత చనిపోయాడని మనుమరాలు ఫోను చేసింది. అంత్యక్రియల రోజు ఆయన శవపేటిక పక్కన వాళ్ళు పెట్టిన ఫోటో ఇత్తడి బిళ్ళ పట్టుకొని ఉన్నదేనట. పెద్దావిడే ఎంచుకున్నదట.